పర్సోం మార్చిన టికెట్

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి బస్తాల మధ్య నిలబడి దేశ రహస్యాలు మాట్లాడుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి, ఎవరి మొహమూ ఎవరికీ గుర్తుండదు. మంగళవారం పదకొండింటికి ఏజెంట్ ప్రేమ్‌రాజ్ అక్కడ నిలబడి ఐదుసార్లు తుమ్మాడు. ఆరో తుమ్ముకు చీఫ్ అభిషేక్ వచ్చాడు.

"నిజామాబాద్ పసుపేనా?"

"తడిసింది. ఎండాలి."

కోడ్ సరిపోయింది. చీఫ్ అతనికంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు, ఢిల్లీ మనిషి. బ్రీఫింగ్ ఎప్పుడూ నిలబడే ఇస్తాడు.

సంగతి ఇదీ. హైదరాబాద్ నుంచి యూరప్‌కి నేరుగా వెళ్ళే ఫ్లైట్‌ని రద్దు చేస్తున్నామని ఒక ఎయిర్‌లైన్ సోమవారం ప్రకటించింది. సీట్లు నిండడం లేదట, ఇంధనం మండిపోతోందట. ఇక ఆ దిక్కుకి పోయేవాళ్ళంతా దారిలో ఏదో ఒక ఎయిర్‌పోర్టులో దిగి విమానం మారాల్సిందే. అలా మారగలిగే మూడు ఎయిర్‌పోర్టులకు డిపార్ట్‌మెంట్ కోడ్ పేర్లు పెట్టింది: చాయ్, ఉస్మానియా, ఖారీ. ఇలా చాయ్, బిస్కెట్ల పేర్లు పెట్టిన ఆఫీసరు ఆ పూట టిఫిన్ చేయకుండా వచ్చి ఉంటాడు. చాయ్‌లో, ఉస్మానియాలో మారితే ఏ భయమూ లేదు. ఖారీలో మారినవాళ్ళ సంగతే అనుమానం. ఖారీకి పోయే ఫ్లైట్ కూడా అదే ఎయిర్‌లైన్‌ది, సీట్లు నిండక దాన్నీ వారానికి ఒక్క గురువారానికి కుదించారు.

"మార్చిలో అనురాగ్ అనే ఇంజనీరు ఖారీలో దిగాడు" అన్నాడు చీఫ్. "ఒక ప్రయాణానికి రెండు విడి టికెట్లు. మధ్యలో పదకొండు గంటల లేఓవర్. విడి టికెట్లు కాబట్టి సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి. అంటే ఇమిగ్రేషన్ దాటి ఆ దేశంలోకి అడుగు పెట్టాలి. పెట్టాడు. సంచిలో అక్కడి ముఠా దాచిన మత్తుమందు, ముఠాతో కుమ్మక్కైన పోలీసులకే దొరికింది. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. మన క్షిపణుల గురించి చెబితే వదులుతారట."

"ఇప్పుడెవరు?"

"సుజన. ఇరవై తొమ్మిదేళ్ళు. ఇల్లు చాంద్రాయణగుట్ట. ఒక చిన్న కంపెనీలో రాడార్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. గురువారం మాంట్రియల్ కాన్ఫరెన్స్‌కి వెళుతోంది. మొదట ఆ డైరెక్ట్ ఫ్లైట్‌లో యూరప్ దాకా, అక్కణ్ణుంచి మాంట్రియల్‌కి ఒకే టికెట్ ఉండేది. ఇప్పుడు ఖారీ మీదుగా ఉంది. రెండు విడి టికెట్లు."

ఆ పిల్లను ఆపేస్తే సరిపోతుంది కదా అన్నాడు ప్రేమ్‌రాజ్. ఆపితే ముఠా రేపు ఇంకొకరిని పట్టుకుంటుంది, తనకు కావలసింది ఇక్కడ కూర్చుని మనుషులను ఖారీకి తోస్తున్న చెయ్యి అన్నాడు చీఫ్. గురువారం లోపు ఆ చెయ్యి దొరికితే సుజన ఆగుతుంది. దొరకకపోతే విమానం ఎక్కుతుంది, ఖారీలో మన మనిషి దూరం నుంచి చూస్తుంటాడు.

"ఎరగానా సార్?"

"ఆ మాట ఫైల్లో రాయం."

ప్రేమ్‌రాజ్‌కు ఈ పని అప్పగించడానికి ఒకే కారణం, అతను హైదరాబాద్‌లోనే, పురానాపూల్‌లో పుట్టిన మనిషి. ఇరవై రెండేళ్ళ కిందట సర్వీసులో చేరి ఊరు వదిలిన తర్వాత మళ్ళీ ఇదే రావడం. అయినవాళ్ళు ఎవరైనా ఎదురుపడితే ప్రమాదమని డిపార్ట్‌మెంట్ ఢిల్లీలో మూడు గంటలు కూర్చోబెట్టి మీసం అతికించింది, జుట్టు నెరిపించింది, పొట్టకు దూది కట్టింది, సాగర్ అనే పసుపు వ్యాపారిని చేసింది. అలా రెండు వారాల ముందే ఊళ్ళో దింపి, పనేమిటో మంగళవారం దాకా చెప్పలేదు. ఆ వేషంలో అతను తను ఆడుకున్న గల్లీలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. ఒక్కరూ తల తిప్పలేదు. ఇల్లు ఉన్నచోట మూడంతస్తుల మొబైల్ రిపేర్ల కాంప్లెక్స్ ఉంది. మూతపడ్డ పిండిగిర్నీ పైన అద్దెకు తీసుకున్న గదికి వచ్చి దూది విప్పుకుంటూ, ఇంత శ్రమ ఎందుకు పడ్డాం అనుకున్నాడు. అతనికి ఏడుపు వచ్చినంత పనైంది, కానీ మీసం ఊడుతుందని ఊరుకున్నాడు.

ఈ ఊళ్ళో అతనితో మాట్లాడే మనిషి ఒక్కతే ఉంది. రూప. ఫ్లైట్‌ని రద్దు చేసిన ఆ ఎయిర్‌లైన్‌లోనే రూట్ ప్లానింగ్ మేనేజర్, రెండేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కు ఇన్ఫార్మర్. నల్ల కళ్ళద్దాలు, తెల్ల కారు, మనిషి దిగకముందే దిగే సెంటు వాసన. ఆమెకు అతను సాగర్‌గానే తెలుసు. పని మాటలు మొదలుపెట్టే ముందు ఆమె ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"సాగర్ గారూ, తిన్నరా?"

ఇది మామూలు మర్యాద. ఊరంతా ఊరందరినీ అడిగే మాట. కానీ ఆ మాట అతన్ని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో, ఆమె కారు వెళ్ళిపోయాక కూడా ప్రేమ్‌రాజ్ రోడ్డు పక్కన కాసేపు నిలబడేవాడు. గూఢచారికి ఆకలి ఉండకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. ఏ ఆకలి అన్నది చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఒక కాగితం ఇచ్చింది. అది సుజన బుకింగ్ రికార్డు. టికెట్ మార్చిన తేదీ సోమవారం అని ఉంది. మార్చినది ఉస్మాన్‌గంజ్‌లోని భిక్షపతి ట్రావెల్స్. ఆయన్ని ఒకసారి చూసి రమ్మంది రూప.

భిక్షపతి ట్రావెల్స్ అంటే ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఊపిరి పీల్చుకుంటూ పనిచేసే ఒక ప్రింటర్. చుట్టూ కిరాణా హోల్‌సేల్ గోదాములు. భిక్షపతికి అరవై ఉంటాయి. ఇటు గిరాకీతో తెలుగులో, అటు ఫోన్‌లో దక్కనీలో ఒకేసారి లొల్లి పెట్టగలడు. ప్రేమ్‌రాజ్ పసుపు ఎగుమతి కోసం కెనడా పోవాలన్నట్టు మాట కలిపి, డైరెక్ట్ ఫ్లైట్ తీసేశారటగా, టికెట్లున్నవాళ్ళు ఏం చేస్తున్నారని అడిగాడు.

"ఏం జేస్తరు భాయ్, వేరే దారి చూస్కుంటరు" అన్నాడు భిక్షపతి. "చాంద్రాయణగుట్ట పాలోళ్ళ పిల్లది పర్సోం మార్చిన. డైరెక్టు బంద్ అయితున్నదని."

పర్సోం, అంటే మొన్న. ఇవాళ బుధవారం. మొన్న సోమవారం. సోమవారం రూటు రద్దయింది, అదే రోజు టికెట్ మారింది. రూప కాగితమూ భిక్షపతి నోరూ ఒకే మాట చెప్పాయి. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

అంతలో సుజనే వచ్చింది, ప్రింటవుట్ల కోసం. స్కూటీ హ్యాండిల్‌కు ఖాళీ పాల క్యాన్ వేలాడుతోంది. దుకాణం వాళ్ళు ఇచ్చే పాస్‌పోర్ట్ కవరు బదులు, ప్రేమ్‌రాజ్ తన దగ్గరున్న కవరు బల్ల మీదకు జరిపాడు. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ ఇతని కవరు అట్టలో వడ్లగింజంత మైకు ఉంది. ఆమె పాస్‌పోర్టు అందులో తొడిగి, పక్కన ఉన్న పెద్దమనిషిని ఊరికే అడిగింది.

"అన్నా, మీరెప్పుడన్న కనెక్టింగుల పోయిండ్రా? ఫస్ట్ టైమ్ ఎక్కుతున్న. మధ్యల దారి తప్పుతనా?"

"తప్పవమ్మా. బోర్డులు చూసుకుంటూ పో" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఆమె నిశ్చింతగా నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంటివాళ్ళ బర్రెలకు గడ్డి వేస్తూనే ఎంటెక్ చదివిన పిల్ల, రాసిన మొదటి పేపరు చదవడానికి పోతోంది. తను బోర్డులు చూసుకొమ్మని చెప్పి పంపాడు.

సాయంత్రం చీఫ్‌కు రిపోర్టు పెట్టాడు. భిక్షపతి శుద్ధంగా ఉన్నాడు, తేదీలు కలిశాయి, చెయ్యి దొరకలేదు. అయితే ఎక్కనీ అన్నాడు చీఫ్. అదే ఫ్లైట్‌లో రక్షణగా తానూ వెళతానని రూప ముందుకొచ్చిందట. చీఫ్ గురువారం పొద్దున తొమ్మిదింటికి ఢిల్లీ విమానం ఎక్కుతున్నాడు. ప్రేమ్‌రాజ్ మీసం తీసేయవచ్చు.

గురువారం పొద్దున అతను మీసం తీసేశాడు, తలకు పోసుకుని రంగు కడిగేశాడు. కిందికి దిగి పురానాపూల్ మూలమీద ఉన్న సెలూన్‌లో గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు. తొమ్మిదింబావు అయింది. పదీ నలభైకి సుజన ఫ్లైట్. పదీ ఇరవైకి గేటు మూస్తారు. మంగలి రామ్‌చందర్ పెద్దవాడు, కళ్ళు సరిగా ఆనవు. తల వంచమని నడినెత్తి మీద వేళ్ళు పెట్టి ఆగిపోయాడు.

"రెండు సుడులు" అన్నాడు. "నువ్వు కండక్టర్ మల్లేశన్న కొడుకువు గాదా?"

ప్రేమ్‌రాజ్ మెడకున్న గుడ్డ సర్దుకున్నాడు. కాదు, మాది నిజామాబాద్ అన్నాడు, రూలు ప్రకారం.

"నాకు జెప్తవా? రెండు సుడులోనికి రెండు పెండ్లిళ్ళయితయని మీ బాపుతోని ఎంత నవ్వినం. పర్సోమే గద మీ బాపు నిన్ను తీస్కొచ్చి, గీ కుర్సీ మీద పీటేసి కూసోబెట్టింది. ఏడ్సినవ్ సూడు, గల్లీ గల్లంత ఇన్నరు."

నాన్న పోయి పదహారేళ్ళు. పీట వేసి కూర్చోబెట్టి నలభై ఏళ్ళు. అది పర్సోం.

సబ్బు నురగతో ప్రేమ్‌రాజ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఢిల్లీలో పర్సోం అంటే లెక్కగా రెండు రోజులు. ఈ ఊళ్ళో పర్సోం అంటే అయిపోయిన కాలం. మొన్న కావచ్చు, పోయినేడు కావచ్చు, నిజాం సర్కారు కూడా కావచ్చు. ఇక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఇరవై రెండేళ్ళు పరాయి ఊళ్ళ హిందీ మాట్లాడి మాట్లాడి తను మర్చిపోయాడు.

భిక్షపతి సోమవారం అనలేదు. సోమవారం అన్నది ఒక్క రూప కాగితమే.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్. గగనతలంలో ఉన్నాడు మహానుభావుడు. ఎయిర్‌పోర్టుకు పోవాలంటే గంట, పోయినా గేటు దగ్గర ఇతన్ని ఎవరు నమ్ముతారు? డిపార్ట్‌మెంట్ ఇతనికి ఐడీ కార్డు కూడా ఇవ్వదు. తేదీ తేల్చాల్సింది భిక్షపతి, ఆయన నంబరు తన దగ్గర లేదు. రామ్‌చందర్ చేతిలో టవలు లాక్కుని మొహం తుడుచుకుంటూ ఆటో ఎక్కి ఉస్మాన్‌గంజ్ అన్నాడు. వెనక నుంచి ముసలాయన ఏదో పిలుస్తున్నాడు. ఇన్నేళ్ళకు ఒక మనిషి తనను గుర్తుపట్టాడు, తను కాదని అబద్ధం చెప్పి పరుగెత్తాడు. ఆటోలో అతనికి నిజంగానే కళ్ళు నిండాయి, ఇంకా మిర్చి బజారు రాకముందే.

దారిలో లారీలు అడ్డం. దుకాణం చేరేసరికి పది దాటి మూడు నిమిషాలు. పర్సోం అంటే ఎప్పుడు మార్చావని అడిగాడు.

"పర్సోం అంటే పర్సోమే భాయ్. లాల్‌దర్వాజ బోనాల ముందల."

మూడు నెలల కిందట. అప్పటికి ఆ ఫ్లైట్ పోతుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు, రూట్ ప్లానింగ్ మేనేజర్‌కు తప్ప. మార్చమన్నది ఎవరని అడిగితే, కాన్ఫరెన్స్ తరఫున ఒక మేడం వచ్చిందన్నాడు భిక్షపతి. నల్లద్దాలు. ఆమె పోయాక కూడా సాయంత్రం దాకా దుకాణంలో మిర్చి ఘాటు మీద సెంటు వాసనే.

ప్రేమ్‌రాజ్ సుజన నంబరుకు కొట్టాడు. రెండు రింగుల తర్వాత ఫోన్ ఎత్తిన గొంతు సుజనది కాదు.

"సాగర్ గారూ, తిన్నరా?"

అతను సుజన ఏదని అడిగాడు.

"ఆ అమ్మాయి ఫోన్ నా దగ్గర చార్జింగ్‌కి పెట్టిన. నేను సీట్ల కూసున్న. ఆమె లైన్ల ఉన్నది. లేట్ చేసిండ్రు." ఫోన్ పెట్టేసింది.

చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. పాస్‌పోర్ట్ కవర్లోంచి గేటు దగ్గరి గోల వినిపిస్తోంది. చిన్నపిల్లల ఏడుపు, చక్రాల సంచుల చప్పుడు, సీటు వరసల అనౌన్స్‌మెంట్. టైము పది పదకొండు.

విమానాన్ని ఆపడం అతని తరం కాదు. కానీ ముఠా వాళ్ళు తమ సౌకర్యం కోసం ఒక ప్రయాణానికి రెండు టికెట్లు తీశారు. మొదటిది చెకిన్ అయిపోయింది, దాన్ని ముట్టుకోలేరు. రెండోది, ఖారీ నుంచి మాంట్రియల్‌ది, ఇంకా భిక్షపతి కంప్యూటర్లోనే ఉంది. ముందుకు పోయే టికెట్ లేనివాళ్ళను ఖారీకి ఎక్కించరు. ఆ ఎయిర్‌లైన్ గేటు దగ్గర మరోసారి చూసి గానీ లోపలికి వదలదు.

"రెండో టికెట్ క్యాన్సల్ చెయ్యి భిక్షపతన్నా. ఇప్పుడే."

భిక్షపతి కీబోర్డు మీద చేతులు తీసేశాడు. ఆ పిల్ల మొదటిసారి పోతోందని, ఇంటిల్లిపాదీ వచ్చి సాగనంపారని, క్యాన్సల్ చేస్తే ఆ టికెట్ మళ్ళీ రాదని చెప్పి, చివరికి అసలు మాట అడిగాడు.

"నిన్న మీసం ఉండె, ఇయ్యాల లేదు. ఎవలు నువ్వు?"

ఈ ప్రశ్నకు డిపార్ట్‌మెంట్ నేర్పిన జవాబులు పన్నెండు ఉన్నాయి. పన్నెండూ అబద్ధాలే. పది పదమూడు అయింది.

"నా పేరు ప్రేమ్‌రాజ్. పురానాపూల్. కండక్టర్ మల్లేశం కొడుకుని. సర్కారు పని మీద ఉన్న. ఆ పిల్ల పోతే మళ్ల రాదు."

భిక్షపతి కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "మల్లేశం ఇంటెన్క ఎవలుంటుండె?"

"సుందరమ్మ. అప్పడాలు చేస్తుండె."

"ఆమెకు ఏ కన్ను లేకుండె?"

"రెండు మంచిగనే ఉండె. చెవే ఇనరాకపోవు."

"మీ బాపు చిల్లర లేకుంటే ఏమంటుండె?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ప్రేమ్‌రాజ్‌ను శత్రువులు కూడా ఇంత గట్టిగా విచారించలేదు. "ఏమనకపోవు. టికెట్ ఎన్క బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు తానే పిలిచి ఇస్తుండె."

"నాకు ఇచ్చిండు" అన్నాడు భిక్షపతి. "కాలేజీకి పొయ్యేటప్పుడు." కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. స్క్రీన్ మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. పది పంతొమ్మిది. చెవిలో గేటు అమ్మాయి గొంతు, "నెక్స్ట్ ప్లీజ్." పాస్‌పోర్టు చేతులు మారిన గరగర. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. రద్దయింది.

"మేడం, మీ ఆన్‌వర్డ్ టికెట్ చూపించండి... ఇది సిస్టమ్‌లో క్యాన్సల్ అని వస్తోంది. సారీ, పక్కకు నిలబడండి."

తర్వాత సుజన గొంతు. రాత్రే ప్రింట్ చూసుకున్నానంటోంది, ఇంకోసారి చూడమంటోంది, తన ఫోను లోపల ఒక మేడం దగ్గరుందంటోంది. ఆ వెనక గేటు మూసిన చప్పుడు. ఆ పిల్ల అక్కడే ఏడ్వడం మొదలుపెట్టింది. నేనేం తప్పు చేసిన అని అడుగుతోంది, ఎవరిని అడుగుతోందో తనకే తెలియకుండా. ప్రేమ్‌రాజ్ ఇయర్‌పీస్ తీయకుండా అంతా విన్నాడు. ఏం భయపడకు తల్లీ అని చెప్పాలని ఉంది, ఆ మైకు ఒకవైపే పనిచేస్తుంది.

భిక్షపతి చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చేలోపు ఎదురుగా బెల్లం దుకాణం వాళ్ళకు, పక్కన తాళ్ళ దుకాణం వాళ్ళకు, మల్లేశం కొడుకు వచ్చిండని, సీక్రెట్ పోలీసట అని చెప్పేశాడు. నలుగురొచ్చి భుజం తట్టారు. ఒకాయన మధ్యాహ్నం ఇంటికి అన్నానికి రమ్మన్నాడు. గూఢచారి జీవితంలో ఇంతకంటే ఘోరమైన వైఫల్యం లేదు. ప్రేమ్‌రాజ్ ఆ చాయ్ ఎంత నెమ్మదిగా తాగవచ్చో అంత నెమ్మదిగా తాగాడు.

శుక్రవారం సుజన చాయ్ అనబడే ఎయిర్‌పోర్టు మీదుగా, ఒకే టికెట్ మీద, డిపార్ట్‌మెంట్ ఖర్చుతో వెళ్ళింది. ఆఖరి రోజు ఆఖరి పేపరుగా చదవనిచ్చారట. చీఫ్ అదే రోజు తిరిగొచ్చి ముందు మెచ్చుకున్నాడు, తర్వాత ఉత్తర్వు చేతిలో పెట్టాడు. ఉస్మాన్‌గంజ్ అంతటికీ తెలిసిన ఏజెంటు ఈ ఊళ్ళో పనికిరాడు. శనివారం సాయంత్రంలోగా ఊరు వదలాలి, మళ్ళీ రాకూడదు. తెలిసినవాళ్ళు లేనన్నాళ్ళు ఇక్కడ ఉండనిచ్చారు, తెలిసినవాళ్ళు దొరకగానే పొమ్మన్నారు. ప్రేమ్‌రాజ్ సంతకం పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం అతను సామాను సర్దుతుంటే, చీఫ్ అక్కడే ఉండగా, తెలియని విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రూప. ఈసారి తిన్నారా అని అడగలేదు.

ఖారీ ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ హాల్లో రెండు రోజులుగా ఇనప కుర్చీ మీద కూర్చుని ఉంది. ఇమిగ్రేషన్ అవతల ఆమె మనుషులే కాచుకుని ఉన్నారు. ఖాళీ చేతులతో దిగింది కాబట్టి తమను అమ్మేసిందనేది వాళ్ళ నమ్మకం. బయట అడుగు పెడితే అనురాగ్‌కు పట్టిన గతే. ఆమె గొంతులో బెదురు విని ప్రేమ్‌రాజ్‌కు జాలి వేసింది. ఒక హాలు నిండా జనం ఉండి పలకరించే మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

చీఫ్ కాగితం మీద 'పేర్లు' అని రాసి చూపించాడు. ప్రేమ్‌రాజ్ అడిగాడు. ఆమె వరసగా ఏడు పేర్లు చెప్పింది, అనురాగ్ సంచిలో సరుకు పెట్టినవాడి పేరుతో సహా. ఆ ఏడు పేర్లు చేతిలో ఉంటే అనురాగ్‌ను విడిపించవచ్చని చీఫ్ మొహమే చెబుతోంది.

"జైలైనా మంచిదే, నన్ను తొందరగ తీస్కపోండ్రి" అంది రూప. "హైదరాబాద్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఎప్పుడున్నది?"

ప్రేమ్‌రాజ్ అలవాటుకొద్దీ ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు.

"వచ్చే గురువారం దాకా డైరెక్ట్ ఏం లేదు మేడం" అన్నాడు. "సీట్లు నిండుతలేవని మిగతా రోజులవి మీరే తీసేయించిండ్రు."